చింతపండుతో తోమకండి: బ్రిటిష్ నాణేలు కొనడం, గ్రేడ్ చేయించడం, అమ్మడం ఎలా

ఇంగ్లండ్‌కు వచ్చిన కొత్తలో ఒక ఆదివారం కార్ బూట్ సేల్‌లో, అంటే జనం కారు డిక్కీల్లో పాత సామాను పెట్టి అమ్మే సంతలో, విక్టోరియా రాణి బొమ్మ ఉన్న హాఫ్ క్రౌన్ ఒకటి కొన్నాను. 1889 నాటిది. అటక మీంచి దించిన వెండి కుంకుమ భరిణెలా నల్లగా ఉంది, అంచుల్లో కాస్త నీలం జాడ. ఇంటికి తెచ్చి, మా అమ్మ దీపపు కుందులు తోమినట్టే చింతపండూ ఉప్పూ పెట్టి తోమాను. తళతళా మెరిసింది. తర్వాతి నెల కాయిన్ ఫెయిర్‌లో ఒక ముసలి డీలర్ చేతిలో పెడితే, భూతద్దం కూడా తియ్యకుండా లైటు కింద ఒకసారి అటూ ఇటూ వంచి చూసి "క్లీన్డ్" అని వెనక్కిచ్చేశాడు. వెండి తూకానికైతే తీసుకుంటానన్నాడు. తోమకముందు తెచ్చి ఉంటే ఎంత ఇచ్చేవాడో నేను అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

ఆ నలుపును ఈ రంగంలో టోనింగ్ అంటారు. వందేళ్లపాటు గాలి తగిలి వెండి మీద ఏర్పడే పొర అది. దాన్ని తీసేస్తే మళ్లీ రాదు, వచ్చినా ఆ రంగు రాదు. నాణెం విలువలో సగానికి పైగా దాని ఒంటి మీదే ఉంటుంది, వయసులో కాదు. కొనడమైనా, అమ్మడమైనా, గ్రేడింగ్‌కు, అంటే కంపెనీకి పంపి ఎంత బాగుందో మార్కు వేయించడానికి పంపడమైనా, ఆ ఒళ్లు చూడటం వచ్చాకే. కాబట్టి ఈ వ్యాసంలో కూడా ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

1. ముందు పాత డబ్బు లెక్క తెలుసుకోండి

1971 ఫిబ్రవరి 15 వరకు పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. అంటే పౌండుకు 240 పెన్నీలు. అణాలు, కానులు, దమ్మిడీల లెక్క తాతల నోట విన్నవాళ్లకు ఇదేం వింత కాదు. రెండు షిల్లింగుల బిళ్ల ఫ్లోరిన్, రెండున్నర షిల్లింగులది హాఫ్ క్రౌన్, ఐదు షిల్లింగులది క్రౌన్. ఈ పేర్లు రాకపోతే డీలర్ బల్ల ముందు నిలబడటం కష్టం.

ఇంకో మూడు అంకెలు నోటికి వచ్చి ఉండాలి. 1919 దాకా వచ్చిన వెండి నాణేల్లో వెండి 92.5 శాతం. 1920 నుంచి 1946 దాకా 50 శాతం. 1947 నుంచి మామూలు చెలామణీ నాణేల్లో వెండే లేదు, రాగి-నికెల్ మిశ్రమం. హాఫ్ క్రౌన్ బరువు 14.14 గ్రాములు, ఫ్లోరిన్ 11.31, షిల్లింగ్ 5.66. ఈ అంకెలతో ఏ నాణెంలో ఎంత వెండి ఉందో మనసులోనే లెక్క కట్టుకోవచ్చు. ఎంత అరిగిన నాణెమైనా అందులో మిగిలిన వెండి ధర కంటే పెద్దగా కిందికి పోదు. మనం బేరం మొదలుపెట్టేది అక్కణ్నుంచి.

ఇక మోసపోవడానికి వీలున్న చోట్లు. 1965 నాటి చర్చిల్ క్రౌన్ పెద్దగా, బరువుగా, చూడగానే "ఇదేదో విలువైనదే" అనిపించేలా ఉంటుంది. కోటీ తొంభై లక్షలకు పైగా కొట్టారు. 1977 నాటి రజతోత్సవ క్రౌనూ, 1981లో చార్లెస్-డయానా పెళ్లికి తెచ్చిన క్రౌనూ అంతే. చారిటీ షాపుల్లో ఎర్ర డబ్బాల్లో కనిపించేవి ఎక్కువగా ఇవే. చర్చిల్ అభిమానులైతే కొనుక్కోండి, పెట్టుబడి అనుకుని మాత్రం కాదు.

"న్యూ పెన్స్" అని రాసి ఉన్న రెండు పెన్నీల బిళ్ల అరుదైనదని ఇంటర్నెట్‌లో వేల పౌండ్లకు పెట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. 1971 నుంచి 1981 దాకా అన్నింటి మీదా ఆ మాటే ఉంది. 1982లో దాన్ని "టూ పెన్స్"గా మార్చారు. కానీ 1983లో సేకరణకర్తలకు అమ్మే సెట్లలో పెట్టడానికి కొట్టిన కొన్నింటి మీద పొరపాటున పాత అచ్చు పడింది. అరుదైనది ఆ 1983 మాత్రమే. వెయ్యి పౌండ్లు అడగడం ఎవరైనా అడగొచ్చు, ఇచ్చేవాడు ఉన్నాడా అన్నదే ప్రశ్న.

2. కావలసిన సామాను

0.01 గ్రాము వరకు చూపించే డిజిటల్ తూకం, పది రెట్లు పెద్దది చేసే భూతద్దం, వెడల్పు కొలవడానికి ఒక కాలిపర్, మెడ వంచడానికి వీలున్న టేబుల్ ల్యాంపు. అన్నీ కలిపి ఒక మోస్తరు నాణెం ధర. తర్వాత లండన్ వేలం కంపెనీ స్పింక్ వాళ్లు ఏటా తెచ్చే బ్రిటిష్ నాణేల కేటలాగ్. ఇక్కడి డీలర్లు నాణేన్ని పిలిచేదే అందులోని నంబరుతో. నిరుటి ప్రతి అయినా ఫర్వాలేదు, సగం ధరకు దొరుకుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: అందులో ఉన్నది డీలర్ మీకు అమ్మే ధర, మీ దగ్గర కొనే ధర కాదు.

3. నాణెం ఒంటిని చదవడం

బ్రిటన్‌లో పాతకాలం నుంచి వాడే గ్రేడ్లు ఇవి: ఫెయిర్, ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, అన్‌సర్క్యులేటెడ్. ఆ పైన ఎఫ్‌డీసీ, అంటే అచ్చు నుంచి అప్పుడే ఊడిపడినట్టు, ఏ లోపమూ లేనిది. ఇందులో తమాషా ఏమిటంటే, "ఫైన్" అన్న మాట వినగానే బాగుందనుకుంటాం. నాణేల భాషలో ఫైన్ అంటే బాగా అరిగిపోయిందని అర్థం. బొమ్మ ఎవరిదో తెలుస్తుంది, అక్షరాలు చదవొచ్చు, జుట్టు పాయలు మాత్రం ఉండవు. వెరీ ఫైన్‌లో జుట్టు కొంత మిగులుతుంది. ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్‌లో అరుగుదల ఎత్తైన చోట్ల మాత్రమే, అదీ వెతికితేనే కనిపిస్తుంది. కేటలాగ్‌లో ఒకే నాణేనికి ఫైన్ గడికీ అన్‌సర్క్యులేటెడ్ గడికీ మధ్య ధర పది రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ తేడా ఉంటుంది. మనవాళ్లు ఎక్కువగా దెబ్బ తినేది ఈ గడుల మధ్యే. వెరీ ఫైన్ నాణేన్ని ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్ ధరకు కొంటారు.

ఉదాహరణకు 1902 నుంచి 1910 మధ్య వచ్చిన ఎడ్వర్డ్ 7 ఫ్లోరిన్ తీసుకోండి. బొరుసు వైపు ఓడ ముక్కు మీద నిలబడ్డ బ్రిటానియా, అంటే బ్రిటన్ దేశానికి ప్రతీకగా గీసే స్త్రీమూర్తి, చేతిలో త్రిశూలం, గాలికి ఎగిరే ఉత్తరీయం. డి సాల్స్ గీసిన బొమ్మ. నా కంటికి ఇరవయ్యో శతాబ్దపు బ్రిటిష్ వెండిలో ఇంతకంటే అందమైనది లేదు. కానీ బొమ్మ ఎత్తు తక్కువ, జేబుల్లో కొన్నేళ్లు తిరిగితే చాలు, కరిగిపోయేది. అందుకే అరిగినవి ఎక్కడైనా దొరుకుతాయి, మంచివి దొరకవు.

ల్యాంపును పక్కనుంచి పడేలా పెట్టండి. నాణేన్ని అంచులతో పట్టుకోండి, ముఖం మీద వేలు పెట్టొద్దు. కింద మెత్తటి బట్ట పరవండి, జారిపడుతుంది, నాకు జారింది. ముందు బొరుసు వైపు చూడండి: బ్రిటానియా గుండెల మీద కవచం గీతలు, డాలు మీద సన్నటి గీతలు, ముందుకు వచ్చిన మోకాలు. అరుగుదల ముందుగా కనిపించేది అక్కడే. తర్వాత బొమ్మ వైపు రాజుగారి చెవి అంచు, చెవి మీది జుట్టు, మీసం. చెవి అంచు ఒక్క నున్నటి ముద్దలా ఉంటే వెరీ ఫైన్ కంటే పైకి వెళ్లకండి, అమ్మేవాడు ఏం చెప్పినా సరే.

ఇప్పుడు నాణేన్ని మెల్లగా వంచుతూ గుండ్రంగా తిప్పండి. కొత్త నాణెం మీది మెరుపు బండి చక్రం ఆకుల్లా గిర్రున తిరుగుతుంది. అచ్చు కొట్టినప్పుడు లోహం బయటికి పారడం వల్ల వచ్చే అతి సన్నటి చారల పని అది. తోమిన నాణెంలో ఆ చక్రం ఉండదు. వీమ్ పెట్టి తోమిన స్టీలు గ్లాసులా నాణెమంతా ఒకే తెల్లటి వెలుగు. భూతద్దంలో చూస్తే ఒకే దిక్కుకు సాగే సన్నటి గీతలు, అక్షరాల మూలల్లో మాత్రం ఇంకా మిగిలిన నలుపు. నా హాఫ్ క్రౌన్‌ను ఆ ముసలాయన అద్దం లేకుండానే పట్టేసింది అలాగే.

ఒక జాగ్రత్త. చదునుగా ఉన్నదంతా అరుగుదల కాదు. జార్జ్ 5 కాలపు పెన్నీల్లో రాజు తల పెద్దది. అచ్చు కొట్టినప్పుడు లోహమంతా ఆ తల వైపు పోయి, వెనక బ్రిటానియా బొమ్మలో సరిగ్గా నిండేది కాదు. వెనక వైపు రాజు తల నీడలా కూడా కనిపిస్తుంది, దాన్ని ఘోస్టింగ్ అంటారు. 1920ల చివర్లో తల బొమ్మను మార్చాక ఇది తగ్గింది. అలాంటి పెన్నీలో బ్రిటానియా ముఖం సరిగ్గా లేకపోయినా, చుట్టూ ఉన్న పొలం, అంటే ఖాళీ జాగా, మెరుస్తూ ఉంటే అది అరిగింది కాదు, టంకసాలలోనే అలా పుట్టింది. ఈ తేడా తెలిసినవాళ్లకు చవకగా మంచి పెన్నీలు దొరుకుతాయి.

ఇక అమెరికన్ పద్ధతి. ఒకటి నుంచి డెబ్భై దాకా మార్కులు వేస్తారు. 1949లో విలియం షెల్డన్ అనే ఆయన అమెరికా పాత సెంట్ల కోసం పెట్టిన లెక్క అది, తర్వాత అన్ని నాణేలకూ పాకింది. 60 నుంచి 70 దాకా ఎంఎస్, అంటే చెలామణీలోకి పోనివి. 50 నుంచి 58 దాకా ఏయూ, కాస్త రాపిడి తగిలినవి. పేరు ఒకటే కదా అని పొరబడొద్దు: అమెరికన్ల ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్ 40, 45 మార్కుల దగ్గర ఉంటుంది, ఇక్కడి డీలర్ కంటికి అది మంచి వెరీ ఫైన్. ఇక్కడి ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్ దాదాపు అక్కడి ఏయూ. అమెరికా నుంచి ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఈ ఒక్క మెట్టు తేడాతో డబ్బు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

4. ఎక్కడ కొనాలి

మొదటి ఆరు నెలలు ఫెయిర్లలో కొనండి, కొనకపోయినా తిరగండి. బల్ల మీద వంద నాణేలు ఉంటాయి, అడిగితే చేతికిస్తారు. ఆ చూపు ఫోటోల్లో రాదు. బ్రిటిష్ న్యూమిస్మాటిక్ ట్రేడ్ అసోసియేషన్, అంటే బీఎన్‌టీఏ, డీలర్ల సంఘం. వాళ్లు ఏటా లండన్‌లో పెట్టే కాయినెక్స్ పెద్దది. సభ్యత్వం ఉన్న డీలర్ దగ్గర కొంటే, నకిలీ అని తేలినప్పుడు వెనక్కి ఇవ్వడానికి ఒక దారి ఉంటుంది. బేరం ఆడొచ్చు, కానీ మన కూరగాయల మార్కెట్ తరహాలో సగానికి సగం అడిగితే మొహం తిప్పుకుంటారు. "ఈ రెండూ కలిపి తీసుకుంటే ఎంతకిస్తారు?" అని అడగండి, ఆ మాట పనిచేస్తుంది.

వేలంపాటలో టెన్షన్ పడేది పాట దగ్గర కాదు, బిల్లు దగ్గర. సుత్తి పడిన ధర 100 పౌండ్లు అనుకోండి. దాని మీద బయ్యర్స్ ప్రీమియం, అంటే కొన్నవాళ్ల దగ్గర వేలం సంస్థ తీసుకునే కమిషన్, చాలాచోట్ల 20 నుంచి 25 శాతం. 24 శాతం అయితే 24 పౌండ్లు, ఆ 24 మీద 20 శాతం వ్యాట్ 4.80. మొత్తం 128.80, పోస్టేజీ వేరే. అందుకే ముందు చేతిలో ఉన్న మొత్తం రాసుకుని, అక్కణ్నుంచి వెనక్కి లెక్క కట్టి, మీ ఆఖరి పాట ఎంతో తేల్చుకోండి. పాట వేడెక్కాక ఆ కాగితం మళ్లీ చూడాలి, అదొక్కటే కష్టం.

ఈబేలో ధర చూడాలంటే అమ్మకానికి పెట్టినవి చూడకండి, "సోల్డ్ ఐటమ్స్" అన్న గడి నొక్కి అమ్ముడైనవి చూడండి. రెండింటికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉంటుంది.

ఇక నకిలీలు. చెలామణీలో దొరికే అరుదైన వాటిలో జనం ఎక్కువగా వెతికేది లండన్ వృక్షోద్యానం క్యూ గార్డెన్స్ పేరిట వచ్చిన 2009 నాటి 50 పెన్స్. చైనా పగోడా బొమ్మ ఉంటుంది, 2,10,000 మాత్రమే వదిలారు. దానికంటే తక్కువ సంఖ్యలో వచ్చింది 2023 నాటి సాల్మన్ చేప 50 పెన్స్, అది 2,00,000. క్యూ గార్డెన్స్‌కు నకిలీలు బోలెడు. అసలుది సరిగ్గా 8 గ్రాములు, 27.3 మిల్లీమీటర్లు, అయస్కాంతానికి అంటుకోదు. పగోడా అంతస్తుల గీతలు, చుట్టుకున్న తీగ ఆకులు అంచు తెగినట్టు స్పష్టంగా ఉండాలి. సబ్బు అచ్చులా మెత్తగా ఉంటే వదిలేయండి. ఇంకో తిరకాసు: 2019లో అదే బొమ్మతో సెట్ల కోసం మళ్లీ కొట్టారు. అది నకిలీ కాదు, కానీ 2009ది కూడా కాదు. రాణి బొమ్మ ఉన్న వైపు 2019 అని ఉందేమో చూడండి.

పాత వెండిలో 1905 హాఫ్ క్రౌన్‌ను ఒంటరిగా, తెలియని మనిషి దగ్గర కొనొద్దు. 1,66,008 మాత్రమే కొట్టారు, అందుకే నకిలీలు తయారుచేస్తారు. సావరిన్‌లో, అంటే ఒక పౌండు బంగారు నాణెంలో, తూకం చూస్తే చాలనుకోకండి. 1950, 60 దశకాల్లో బీరూట్ వైపు తయారైన దొంగ సావరిన్లలో చాలావాటికి బంగారం సరిగ్గానే ఉండేది, అక్షరాలే మొద్దుగా ఉండేవి.

వెనక్కి తీసుకున్నది కాబట్టి అరుదు, అరుదు కాబట్టి విలువ ఎక్కువ అన్న లెక్క కూడా అన్నిసార్లూ నిలవదు. 1887లో విక్టోరియా స్వర్ణోత్సవానికి తెచ్చిన ఆరు పెన్నీల బిళ్ల అర సావరిన్‌ను పోలి ఉండేది, అదే కిరీటం, అదే డాలు. జనం బంగారు పూత పూసి పది షిల్లింగులకు చెలామణీ చేసేశారు. టంకసాల గాభరాపడి అదే ఏడాది బొరుసు మార్చి "సిక్స్ పెన్స్" అని అక్షరాల్లో వేసింది. ఉపసంహరించారన్న వార్త వినగానే ఇంటింటా ఆ బిళ్లలు దాచుకున్నారు. ఫలితం: "వెనక్కి తీసుకున్న నాణెం" అని గొప్పగా చెప్పుకునే ఇది, ఈరోజుకీ కొత్తది లాంటిది తక్కువ ధరకు దొరుకుతుంది. కథ కోసం ఒకటి కొనండి, నేనూ కొన్నాను.

5. దాచుకోవడం

మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టొద్దు, కొన్నేళ్లకు నాణెం మీద ఆకుపచ్చ జిగురు పడుతుంది. మైలార్ కవర్లు కొనండి, డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేయండి. రాగి పెన్నీల మీద చిలుము కనిపిస్తే గోటితో గీకకండి, తెలిసినవాళ్లకు చూపించండి. పాత డీలర్ చేత్తో రాసిన గుండ్రటి కాగితం టికెట్ నాణెంతో వస్తే పారేయొద్దు. నాణెం ఎవరి చేతుల్లోంచి వచ్చిందో చెప్పే జాతకం అది, అమ్మేటప్పుడు డబ్బు తెస్తుంది.

6. గ్రేడింగ్‌కు పంపాలా, వద్దా

ముందు వద్దు అనే అనుకోండి. తర్వాత కారణం ఉంటే పంపండి.

ఎన్‌జీసీ, పీసీజీఎస్ రెండూ అమెరికా కంపెనీలు, 1980లలో మొదలయ్యాయి. నాణేన్ని పరీక్షించి, అసలైనదేనని చెప్పి, 70లో మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసేస్తారు. దాన్నే స్లాబ్ అంటారు. లండన్ కాయిన్ గ్రేడింగ్ సర్వీస్ పెట్టెలు కూడా మార్కెట్లో కనిపిస్తాయి. వాటి మార్కులు వందకు, కాబట్టి అందులో 78 చూసి ఎంఎస్ 70 కంటే గొప్పదనుకోకండి. ఇక్కడి పాత తరం సేకరణకర్తల్లో చాలామందికి స్లాబ్ అంటే గిట్టదు. మహాగని చెక్క అరల్లో పెట్టుకుని, చేత్తో పట్టుకుని చూడాలంటారు. నాకూ మనసు అటే లాగుతుంది. కానీ అమెరికా, చైనా కొనుగోలుదారులకు అమ్మాలంటే స్లాబ్ లేకుండా కుదరదు.

లెక్క ఇలా వేయండి. గ్రేడింగ్ ఫీజు, సభ్యత్వం, పోవడానికీ రావడానికీ ఇన్సూరెన్స్‌తో పోస్టేజీ కలిపితే ఒక్కో నాణేనికి పదుల పౌండ్లు పడుతుంది. ఆ నాణెం మీరు అనుకున్న గ్రేడులో అమ్ముడైన ధర చూడండి. ఒక గ్రేడు తక్కువ వస్తే ఎంతో కూడా చూడండి, ఎందుకంటే ఎక్కువసార్లు తక్కువే వస్తుంది. ఆ తక్కువ గ్రేడులో కూడా ఖర్చు తిరిగి వచ్చేలా ఉంటేనే పంపండి. జేబులో తిరిగిన క్యూ గార్డెన్స్‌ను, అరిగిన విక్టోరియా పెన్నీని పంపడం వృథా. వందల పౌండ్లు చేసే పాత క్రౌన్లు, మెరుపు చెడని వెండి, అసలుదా కాదా అన్న అనుమానం ఉన్న 1905 హాఫ్ క్రౌన్ లాంటివి, వీటికి అర్థం ఉంది.

పంపే పద్ధతి. కంపెనీలో ఖాతా తెరవండి, లేదా వాళ్ల గుర్తింపు ఉన్న డీలర్ ద్వారా పంపండి. ఒకటి రెండు నాణేలకు డీలర్ దారే చవక. ఫారంలో నాణెం ఏడాది, విలువ, మీరు చెప్పే ధర రాయాలి. ఆ ధరను బట్టే ఫీజు, దారిలో పోతే ఇన్సూరెన్స్ కూడా. తక్కువ రాసి ఫీజు మిగుల్చుకుందామనుకుంటే, పోయినప్పుడు వచ్చేదీ అంతే. ఒక్కో నాణేన్ని పీవీసీ లేని కవర్లో పెట్టి, రెండు అట్టల మధ్య కదలకుండా టేపు వేయండి. రెండు వైపులా ఫోటో తీసి ఉంచుకోండి. తర్వాత వారాల తరబడి ఎదురుచూడటమే.

ఫలితంలో అంకె బదులు "డీటెయిల్స్" అన్న మాట వస్తే గుండె గుభేల్మంటుంది. నాణెం అసలైనదే కానీ తోమారనో, అంచు దెబ్బతిందనో, నగలో అతికించి తీశారనో అర్థం. సాదా అంకె వచ్చిన దానికంటే చాలా తక్కువకు పోతుంది. అందుకే మూడో భాగం దగ్గర అంతసేపు కూర్చున్నాం. తోమిన గుర్తులు మీకు ముందే కనిపిస్తే ఆ ఫీజు మిగులుతుంది.

స్లాబ్‌లో ఉన్న నాణెం కొనేటప్పుడు పెట్టె మీది నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. ఫోటో ఉంటే గీత గీతకూ సరిపోల్చండి. పెట్టెలకు కూడా నకిలీలు వస్తున్నాయి. కొత్తగా వచ్చిన ప్రూఫ్ నాణేలకు, అంటే సేకరణ కోసమే ప్రత్యేకంగా కొట్టేవాటికి, 70కి 70 వచ్చిందని రెట్టింపు ధర అడిగితే, ఆ నాణేల్లో 70 రావడం మామూలేనని గుర్తుపెట్టుకోండి.

7. అమ్మడం

ముందు వెండి, బంగారం తూకం విలువ కట్టండి. దానికి దగ్గర్లో ఉన్నవన్నీ ఒక పోగు, వాటిని బులియన్ డీలర్‌కు, అంటే లోహం తూకానికి కొనేవాడికి, ఇవ్వండి. మధ్యరకం ఆన్‌లైన్‌లో, మంచివి వేలానికి. వేలంలో అమ్మేవాళ్ల దగ్గర కూడా కమిషన్ తీసుకుంటారు, ఫోటోకూ ఇన్సూరెన్స్‌కూ వేరుగా ఉందేమో సంతకానికి ముందే అడగండి. కొన్ని నెలలకు గానీ డబ్బు రాదు. డీలర్ వెంటనే ఇస్తాడు, తన లాభం మినహాయించుకుని ఇస్తాడు. అది మోసం కాదు, ఆయన బతుకుతెరువు.

ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర ఫోటో తీయండి, ఫిల్టర్ వద్దు. లోపం ఉంటే మొదటి వాక్యంలోనే రాయండి: "అంచు మీద చిన్న దెబ్బ ఉంది" అని చెప్పిన నాణెం వెనక్కి రాదు. "రేర్" అన్న మాట రాయకండి, తెలిసినవాళ్లు ఆ మాట చూసే పక్కకు జరుగుతారు. గ్రేడు తెలియకపోతే రాయకుండా వదిలేయండి, ఫోటో చూసి వాళ్లే తేల్చుకుంటారు. పోస్టు రాయల్ మెయిల్ స్పెషల్ డెలివరీలోనే. సంతకం తీసుకుని ఇచ్చే మామూలు సైన్డ్ ఫర్‌లో పంపిన నాణెం పోతే విలువైన వస్తువు కింద పరిహారం రాదు.

పన్ను గురించి రెండు మాటలు. 1837 నుంచి వచ్చిన సావరిన్లు, బ్రిటానియా పేరుతో అమ్మే బులియన్ నాణేలు ఇక్కడ చట్టబద్ధమైన డబ్బు, అందుకని వాటి మీద లాభానికి క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు. మిగతా నాణేలకు ఒక్కోటి 6,000 పౌండ్ల లోపు అమ్మితే మామూలుగా సమస్య లేదు. కానీ కొని అమ్మడమే పనిగా పెట్టుకుంటే అది వ్యాపారం. ఏడాదికి మొత్తం అమ్మకాలు 1,000 పౌండ్లు దాటితే ఇక్కడి పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీకి చెప్పాలి. ఏడాదిలో 30 అమ్మకాలు చేసినా, దాదాపు 1,700 పౌండ్లు దాటినా ఆన్‌లైన్ సైట్లే మీ వివరాలు వాళ్లకు పంపుతాయి. పొలంలో మెటల్ డిటెక్టర్‌తో దొరికింది అమ్మాలనుకుంటే ఆగండి: 1996 ట్రెజర్ యాక్ట్ కింద, మూడు వందల ఏళ్లు దాటిన వెండి, బంగారు నాణేలు ఒకే చోట రెండు దొరికినా 14 రోజుల్లో కరోనర్ అనే స్థానిక అధికారికి చెప్పాలి. స్కాట్లండ్‌లో చట్టం వేరే, అక్కడ ఏది దొరికినా చెప్పాల్సిందే.

8. ఊళ్లో, అమ్మమ్మ పెట్టెలో ఉన్నవి

ఈ ప్రశ్న ప్రతి సంక్రాంతికీ ఎవరో ఒకరు ఫోన్ చేసి అడుగుతారు. "మన దగ్గర విక్టోరియా రూపాయి ఉంది, లక్షలంట కదా?" కాదు. కలకత్తా, బొంబాయి, మద్రాసు టంకసాలల్లో కొట్టిన రూపాయిలు వేరే రంగం, వాటిలో ఎక్కువ భాగం వెండి ధరకు కాస్త పైన ఉంటాయి. యూట్యూబ్ చూసి ఎవరైనా "మీ నాణేన్ని పది లక్షలకు కొంటాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అంటే ఫోన్ పెట్టేయండి. ఆర్‌బీఐ తన పేరు చెప్పి ఇలా వసూలు చేస్తున్నారని 2021లోనే హెచ్చరించింది. వందేళ్లు దాటిన నాణెం భారత చట్టం ప్రకారం పురావస్తువు. 1972 చట్టం కింద దాన్ని సూట్‌కేసులో వేసుకుని లండన్ తీసుకురావడం నేరం. అక్కడిది అక్కడే అమ్ముకోవాలి.

కాసులపేర్ల సంగతి వేరు. మన లెక్కలో కాసంటే ఎనిమిది గ్రాములు, ఇంగ్లీషు సావరిన్ 7.98 గ్రాములు. పాత కాసులపేర్లలో అక్కడక్కడా లక్ష్మి బొమ్మ బదులు గుర్రం మీద సెయింట్ జార్జ్ అనే వీరుడు, కాళ్ల కింద డ్రాగన్ కనిపిస్తుంది. పైన కొక్కెం అతికించి ఉంటుంది, ఆ టంకం వల్ల సేకరణ విలువ దాదాపు పోయినట్టే. దాన్ని ఊడదీయించి రుద్దిస్తే ఇంకా పోతుంది. బంగారం విలువ మాత్రం ఎక్కడికీ పోదు. అయినా ఒకసారి భూతద్దం పెట్టి చూడండి. గుర్రం కింద నేల గీత మీద, ఏడాది అంకెకు సరిగ్గా పైన చిన్న అక్షరం ఉండొచ్చు. ఎస్ అయితే సిడ్నీ, ఎమ్ అయితే మెల్‌బోర్న్, పి అయితే పెర్త్. ఐ అయితే ఇండియా, అంటే బొంబాయి. బొంబాయిలో అది 1918 ఒక్క ఏడాదే కొట్టారు, దాదాపు పదమూడు లక్షలు. కొక్కెం లేకుండా బాగున్నదైతే బంగారం ధర మీద కొంత ఎక్కువ పలుకుతుంది, లక్షలేం కాదు. మా పెద్దమ్మ మెళ్లో అలాంటివి రెండు ఉన్నాయి. అమ్మమని ఆమెను ఎవరూ అడగరు.